భైరవకోన: గుళ్ళలోకి వెళ్ళేముందు కొండని చదవండి

కొండని తొలిచి చేసిన శివాలయాలున్న భైరవకోన వెళ్ళొచ్చినవాళ్ళని ఎవరిని కదిపినా మూడే ముక్కలు చెప్తారు. ఎనిమిది గుళ్ళు, జలపాతం, కోతులు. మొదటిసారి నా సంగతీ అంతే. పదకొండింటికి చేరి, ఒంటిగంటకల్లా దండాలు, ఫొటోలు, పులిహోర పొట్లం అన్నీ ముగించుకుని బండెక్కేశాను. ఇంటికొచ్చి ఫోన్లో ఫొటోలు తిప్పుతుంటే ఒక్కదాంట్లోనూ శిల్పం సరిగ్గా తేలలేదు, ద్వారపాలకులు గోడమీద మరకల్లాగా ఉన్నారు. అది ఫోన్ తప్పు కాదు, వెళ్ళిన టైము తప్పు అని తెలుసుకోవడానికి ఇంకో రెండుసార్లు వెళ్ళాల్సొచ్చింది. మీకా తిప్పలు లేకుండా, ఒక్కరోజులో కోనని ఎలా చూడాలో వరసగా రాస్తున్నాను. వరస ముఖ్యం. ముందు రాయి, తర్వాత శిల్పం, ఆ తర్వాతే నీళ్ళు. చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి, నీళ్ళలో తడిసి, ఒళ్ళు వణుకుతుండగా గుళ్ళు చూస్తారు.

ఎప్పుడు వెళ్ళాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండమీద పడిన నీళ్ళే ఇక్కడ జలపాతం. అందుకని జలపాతం కావాలనుకుంటే నవంబరు చివర నుంచి జనవరి మధ్యలో వెళ్ళండి. రాళ్ళు కావాలనుకుంటే మాత్రం ఫిబ్రవరి బాగుంటుంది, ఎందుకంటే వాగు సన్నబడి అడుగున ఉన్న బండలన్నీ బయటపడతాయి, నడవడానికీ వీలుంటుంది. నేనైతే ఫిబ్రవరికే ఓటేస్తాను. ఏప్రిల్, మే నెలల జోలికి పోకండి, మధ్యాహ్నానికి ఆ బండలు పెనంలాగా కాలతాయి.

కార్తీక పౌర్ణమికీ మహాశివరాత్రికీ జనం విపరీతంగా వస్తారు. భక్తితో వెళ్ళేవాళ్ళకి అవే మంచి రోజులు. శిల్పాన్ని నిలబడి చూడాలనుకునేవాళ్ళు ఆదివారాలూ కార్తీక సోమవారాలూ తప్పించి మామూలు రోజు పెట్టుకోండి.

దారి, దారిలోనే మొదలయ్యే పాఠం

ఒంగోలు నుంచైతే కనిగిరి, పామూరు మీదుగా చంద్రశేఖరపురం, అంటే మనం సి.ఎస్.పురం అని పిలుచుకునే ఊరు, అక్కణ్ణుంచి అంబవరం కొత్తపల్లి, ఆపైన కోన. నెల్లూరు నుంచైతే ఉదయగిరి, సీతారాంపురం మీదుగా రండి. పెట్రోలు పామూరులోనో ఉదయగిరిలోనో పట్టించుకోండి. కొండ దగ్గరపడేకొద్దీ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లేదా నాలాగా దారి తప్పి, మేకలు తోలుకొచ్చే పెద్దాయన్ని ఆపి అడగండి. రెండోదే నమ్మకం.

ఇప్పుడు అసలు సంగతి. ఉదయగిరి వైపు వస్తుంటే, ముఖ్యంగా వింజమూరు దాటాక, రోడ్డు పక్కన ఎర్రమట్టిలో తెల్లగా పలుగురాళ్ళు, అక్కడక్కడా తళుక్కుమనే కాకిబంగారం, అంటే అభ్రకం, కనపడతాయి. నెల్లూరు జిల్లా అభ్రకానికి ఒకప్పుడు ఎంత పేరో మీకు తెలిసిందే. ఈ మైదానంలో ఉన్నవి చాలా పాత రాళ్ళు, 250 కోట్ల ఏళ్ళ నాటివి కూడా వీటిలో ఉన్నాయి. అలా చదునుగా వస్తూ వస్తూ ఉండగా, పడమటి పక్క ఒక్కసారిగా గోడ కట్టినట్టు కొండ లేస్తుంది. దాన్ని కొందరు వెలికొండ అంటారు, కొందరు నల్లమల అంటారు, ఆ తగువులోకి మనం దిగొద్దు. బండి పక్కకి ఆపి ఆ గోడని ఐదు నిమిషాలు చూడండి.

అది కడప రాళ్ళ కుదురుకి తూర్పు అంచు. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని కడప బేసిన్ అంటారు. నెలవంక ఆకారంలో, సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు నీళ్ళలో ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని రాయైన చోటు. బ్రిటిష్ కాలంలో విలియం కింగ్ అనే ఆయన ఈ కొండలన్నీ తిరిగి 1872లో అచ్చువేసిన నివేదికలోనే కడప, కర్నూలు రాతి వరసల లెక్క మొదటిసారి పూర్తిగా తేలింది.

గండికోట చూసినవాళ్ళు గుర్తుతెచ్చుకోండి, అక్కడ లోయ గోడల్లో పొరలు దోసెల దొంతరలాగా చదునుగా ఉంటాయి. అది బేసిన్‌కి పడమటి సగం. ఇక్కడ తూర్పు సగంలో కథ వేరు. నేలమీద పరిచిన చాపని ఒక పక్కనుంచి నెడితే ఎలా మడతలు పడుతుందో అలా ఈ రాళ్ళు మడతలు పడ్డాయి. నెట్టింది తూర్పు పక్కనుంచి. నెట్టుడు ఎంత గట్టిదంటే, మైదానపు పాత రాళ్ళు వచ్చి ఈ కొత్త రాళ్ళమీదికి ఎక్కాయి. మామూలుగా పాతది కింద, కొత్తది పైన ఉండాలి కదా, ఈ అంచు వెంట అది తిరగబడింది. వెలికొండ థ్రస్ట్ అని దానికి పేరు కూడా ఉంది. మీరు బండి ఆపిన చోటుకీ ఆ కొండకీ మధ్యలో, పొలాల కింద ఎక్కడో, ఆ అతుకు పోతుంటుంది. పైకి కందిచేలు తప్ప ఏమీ కనపడవు.

ఏం తీసుకెళ్ళాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, తినడానికి కాస్త, వెనక పట్టీ ఉన్న చెప్పులో పట్టున్న బూట్లో. హవాయి చెప్పులు వద్దు. సంచికి జిప్ ఉండాలి, కవర్లు చేతిలో ఊపుకుంటూ వెళ్తే అవి కోతులకి పిలుపే. నా పులిహోర సగం అలాగే పోయింది. వీటన్నిటికంటే ముఖ్యమైంది ఒక మామూలు టార్చి లైటు. ఫోన్ లైటు కాదు, వెలుగు ఒకవైపే పడే చేతి టార్చి. ఎందుకో కింద చెప్తాను. పాత బస్సు టికెట్టంత అద్దం ముక్క కూడా పనికొస్తుంది, పిల్లలుంటే భలే పనికొస్తుంది.

మొదటి పని: తెల్లారి గుళ్ళ దగ్గర ఉండటం

ఒకే కొండ ముఖంలో తొలిచిన ఎనిమిది శివాలయాలు ఇవి. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. తూర్పు ముఖం అన్న ఆ ఒక్క మాటతోనే మీ రోజంతా ప్లాన్ అయిపోవాలి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్యలో ఎండ ఏటవాలుగా వరండాల్లోకి దూరుతుంది. అంతకంటే మంచి వెలుగు ఆ రోజుకి మళ్ళీ రాదు. పదకొండు దాటితే ఎండ నెత్తిమీదికొచ్చి బయట తెలుపు, లోపల నలుపు, ఫొటోలో ఏమీ మిగలదు. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే. రాత్రి పామూరులోనో ఉదయగిరిలోనో ఆగి తెల్లారుజామున బయల్దేరడం ఉత్తమం.

ఎనిమిది లింగాలకీ పేర్లున్నాయి. శశినాగ, రుద్ర, విశ్వేశ్వర, నగరికేశ్వర, భర్గేశ్వర, రామేశ్వర, మల్లికార్జున, పక్షమాలిక. ఇక్కడి ప్రధాన దైవం భర్గేశ్వరుడు, క్షేత్రపాలకుడు కాలభైరవుడు, కోనకి పేరు ఆయనదే. తొలిచిన కాలం క్రీస్తుశకం 7, 8 శతాబ్దాలని చెప్తారు, పల్లవుల పనితనం బాగా కనపడుతుంది. మహాబలిపురం చూసినవాళ్ళకి ఇక్కడి స్తంభాలు చూడగానే తెలిసిన మొహం ఎదురైనట్టు ఉంటుంది.

రెండో పని: ఒక్క గుడిని పట్టుకుని అరగంట నిలబడటం

ఎనిమిదీ ఒక చుట్టు చుట్టేయకండి. జనం లేని గుడి ఒకటి ఎంచుకోండి. ముందు పది అడుగుల వెనక నిలబడండి. కొండ ఎక్కడ ఆగింది, గుడి ఎక్కడ మొదలైంది? ఆ గీత దొరకదు. గర్భగుడి, వరండా, స్తంభాలు, ద్వారపాలకులు అన్నీ ఆ కొండే. ఇక్కడ ఏదీ తెచ్చి కట్టింది కాదు, అక్కర్లేని రాయి తీసేయగా మిగిలింది. ఇలాంటి పనిలో పైనుంచి కిందికి, ముందునుంచి లోపలికి తొలుచుకుంటూ వస్తారు. స్తంభానికి వదిలిన రాయి చెయ్యిజారి ఒక పెచ్చు లేచిపోతే ఇక అతుకు వేసే దారి లేదు. వడ్రంగి ఇంకో చెక్క తెచ్చుకోవచ్చు, ఈ పనివాడికి ఇంకో కొండ ఎక్కడిది!

ఇప్పుడు దగ్గరికి రండి. స్తంభం మొదట్లో చూడండి, సింహం కూర్చుని ఉంటుంది, స్తంభం బరువంతా దాని నెత్తిమీదే. చూరు మీదికి చూపు ఎత్తితే గుర్రపు నాడా ఆకారంలో చిన్న చిన్న గూళ్ళు, లోపల్నుంచి తొంగిచూసే తలలు. గర్భగుడి వాకిలికి అటూ ఇటూ ద్వారపాలకులు.

ఇక టార్చి తీయండి. శిల్పానికి ఎదురుగా వేస్తే అది చదునైపోతుంది. గోడకి చెంప ఆనించినంత పక్కకి వెళ్ళి, వెలుగు గోడని రాసుకుంటూ పోయేలా వేయండి. అప్పుడు లేస్తుంది చూడండి శిల్పం! నేను ఒక ద్వారపాలకుడి నడుము దగ్గర అలా వేసినప్పుడు, ముందు నున్నటి గోడ అనుకున్న చోట మడతలు మడతలుగా వస్త్రం, దాని ముడి, ముడి కిందికి జారిన కొస, ఒక్కొక్కటీ నీడతో సహా బయటికొచ్చాయి. వెలుగుని మెల్లగా పైకి జరిపితే భుజం మీదనుంచి పోయే జంధ్యం దారం తేలింది. గర్భగుడి మూలల్లో వేస్తే ఉలి దెబ్బలు కూడా దొరుకుతాయి, వానచినుకులు పడ్డ ఇసుకలాగా. అక్కడ నునుపు చేయలేదు, ఎవరూ చూడరని కాబోలు. నేను అలా గోడకి అతుక్కుని ఉండగా ఒక పెద్దావిడ ఆగి, "ఏందబ్బయా, రాయి చెవిలో ఏంది చెప్తన్నావు?" అంది. ఆవిడకీ టార్చి వేసి చూపించాను. "ఓరి నీ..." అని నోటిమీద చెయ్యేసుకుంది, తర్వాత నా టార్చి తీసుకుని మిగతా గుళ్ళన్నీ తనే తిరిగొచ్చింది.

ఇంకో సంగతి. కొండ రాయిని, లింగం రాయిని పక్కపక్కన పోల్చి చూడండి. గుడంతా కొండే గానీ లింగాలు మాత్రం వేరే రాతివి, విడిగా చెక్కి తెచ్చి నిలబెట్టినవి. రంగు, మెరుపు, గరుకు అన్నీ తేడా. ముట్టుకోవద్దు, అభిషేకాల నూనె, నీళ్ళు పట్టి ఉంటాయి, వాకిట్లోంచి చూసినా తెలుస్తుంది. గోడల్లో శిల్పాన్ని ఏమాత్రం లెక్కచేయకుండా అడ్డంగానో ఏటవాలుగానో పోయే చారలు కనపడితే, దేవుడి చేతినీ స్తంభాన్నీ ఒకేలా కోసుకుంటూ పోతుంటే, అవి ఉలివి కావు, కొండవి. శిల్పం ఎక్కడ ఎక్కువ అరిగిందో చూడండి, సాధారణంగా ఆ చారల వెంటే అరుగుతుంది.

సుద్దముక్కతో గీతలు నింపి ఫొటో తీయడం, నీళ్ళు చల్లి మెరిపించడం, బొగ్గుతో పేర్లు రాయడం, ఇవేవీ చేయకండి. ఇదివరకు రాసిన ఘనులు ఉన్నారు, వాళ్ళ ప్రేమకథలు మీకూ కనపడతాయి.

త్రిముఖ దుర్గాంబ

అమ్మవారికి మూడు ముఖాలు. కుడివైపు ముఖం మహాకాళి, నోట్లోంచి జ్వాల వస్తున్నట్టు ఉంటుంది. మధ్యది లక్ష్మి, ప్రసన్నంగా. ఎడమవైపున సరస్వతి, చేతిలో అద్దం చూసుకుంటున్నట్టు. ఎదురుగా వాగు. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల ఆ నీళ్ళమీద పడి, అక్కణ్ణుంచి తిరిగి అమ్మవారి మీద పడుతుందని ఆ రాత్రికి వేలమంది చేరతారు. పౌర్ణమికి వెళ్ళలేనివాళ్ళ కోసమే పైన అద్దం ముక్క తెమ్మన్నాను. పొద్దుటి ఎండలో, వాగు దగ్గర ఏదైనా మామూలు బండ మీదికి అద్దంతో వెలుగు తిప్పి చూపించండి, నీళ్ళు వెన్నెలని ఎలా తిప్పుతాయో పిల్లలకి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. గుళ్ళోకి మాత్రం వేయకండి, పూజ జరుగుతుంటే పూజారి గారు తిడతారు, తిట్టాలి కూడా.

మూడో పని: వాగులో రాళ్ళు

తొమ్మిదిన్నర, పదికి జనం మొదలవుతారు. అప్పుడు మీరు వాగులోకి దిగండి. కొండ పైనుంచి ఏమేం రాళ్ళున్నాయో అన్నిటి నమూనాలూ వాగు కిందికి దొర్లించి పెడుతుంది, మీరు ఎక్కి వెతకక్కర్లేదు. శిల్పాలకి దూరంగా, విడిగా పడున్న గులకరాళ్ళ మీద మాత్రమే ఈ పరీక్షలు చేయండి.

బండి తాళంతో గీకండి. రాయి మీద గీత పడకుండా, తాళమే అరిగి బూడిదరంగు చార మిగిలితే అది చాలావరకు క్వార్ట్జైట్, అంటే ఇసుకరాయి ఒత్తిడికి గట్టిపడి రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయినది. పగిలిన అంచు చూస్తే తాటి కలకండలాగా మెరుస్తుంది. ఇంకో రకం ఆకుల్లాగా పొరలు పొరలుగా ఊడుతుంది, తాళంతో గీస్తే తెల్లగీత పడుతుంది. ఈ గీత మీకు బాగా తెలుసు. మార్కాపురం పలక మీద బలపంతో దిద్దిన రోజులు గుర్తున్నాయా, ఆ పలకల రాయి కూడా ఈ కొండల కుటుంబానిదే. బురద పేరుకుని, మడతల ఒత్తిడికి నలిగి పలక అయింది. ఇసుక క్వార్ట్జైట్ అయింది. పగుళ్ళలోకి ఎక్కి గడ్డకట్టిన తెల్లటి చారలు పలుగురాయి.

కాస్త ఓపికుంటే పెద్ద బండల మీద అలల గుర్తుల కోసం వెతకండి. సముద్రం ఒడ్డున నీళ్ళు వెనక్కి పోయాక తడి ఇసుకమీద మెట్లు మెట్లుగా గీతలు మిగులుతాయే, కొత్తపట్నంలోనో మైపాడులోనో చూసే ఉంటారు, అవే గీతలు రాయై ఉంటాయి. ఈ రకం కొండల్లో అవి అరుదు కాదు. వంద కోట్ల ఏళ్ళకి పైబడిన అల అది. నాకు రెండోసారి వెళ్ళినప్పుడు బట్టలు ఉతికే బండంత రాయి మీద దొరికింది, దానిమీదే కూర్చుని అరటిపండు తిని లేచాక చూసుకున్నాను.

పొరలు ఎటు వాలాయో తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. ఒక నోటుబుక్కు అట్టని పొర మీద ఆనించి, దానిమీద నీళ్ళు పోస్తే ఎటు జారతాయో అటే వాలు. రెండు మూడు చోట్ల చూడండి. వాలు మారుతుంటే మీరు మడత దాటుతున్నారన్నమాట. పైన చెప్పిన చాప.

నాలుగో పని: జలపాతం, అక్కడి జాగ్రత్తలు

జలపాతం ఎత్తు 200 అడుగులని చెప్తారు. గట్టిపొర నిలబడి, దాని కిందో పక్కనో మెత్తటి పొర అరిగిపోతే నీళ్ళు దూకడానికి మెట్టు ఏర్పడుతుంది, మన కొండల్లో చాలా జలపాతాల కిటుకు ఇదే. కోన అన్న పేరున్న చోటల్లా, పెంచలకోన, తలకోన, ఇది, రెండు కొండల మధ్య నీళ్ళదారి ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఇక్కడ నేను పడ్డాను. ఎండిన బండమీద పిల్లిలా నడిచి, చివరి రెండడుగులు పాచి మీద వేశాను. మోచెయ్యి దోక్కుపోయింది, ఫోన్ నీళ్ళలోకి పోయింది, దాంతోపాటు ఆ పొద్దున తీసిన ఫొటోలన్నీ. మూడోసారి వెళ్ళడానికి కారణం అదే. నల్లగా మెరిసే బండ కనపడితే దాన్ని నమ్మకండి, పాచి లేని గరుకు చోటు చూసుకుని, కూర్చుని జారుకుంటూ దిగినా పరువేం పోదు.

తల పైకెత్తి కొండచరియల కింద తేనెపట్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే అక్కడ పొగ, సాంబ్రాణి, అరుపులు, సెంటు ఏవీ వద్దు. కొండతేనెటీగలు లేస్తే పరిగెత్తడం తప్ప మందు లేదు, బండలమీద పరిగెత్తడం అంటే అదింకో ప్రమాదం. పైన మబ్బు కమ్మితే, మీమీద చినుకు పడకపోయినా, వాగులోంచి బయటికి వచ్చేయండి. నీళ్ళు ఒక్కసారిగా ఎర్రబడి ఆకులు కొట్టుకొస్తుంటే ఇక చెప్పులు కూడా ఏరుకోకండి.

జలపాతం పైకి, అడవిలోకి వెళ్దామన్న కోరిక అందరికీ పుడుతుంది. అటవీ శాఖ అనుమతి, దారి తెలిసిన మనిషి, ఈ రెండూ లేకుండా వద్దు. ఒకటి, ఎలుగుబంట్లు తిరిగే అడవి. రెండు, ఈ వరస కొండల్లో ఎర్రచందనం గొడవలు మీకు తెలియనివి కావు, సంచి తగిలించుకుని డొంకలో కనపడిన కొత్త మొహానికి సంజాయిషీ చెప్పుకునే టెన్షన్ ఎందుకు?

తిరుగుదారి

టైముంటే సీతారాంపురం దగ్గర ఘటిక సిద్ధేశ్వరం చూడొచ్చు. అలాగే ఉదయగిరిలో ఆగి కొయ్య గరిటెలు, చెంచాలు కొనుక్కోండి, అక్కడి పనివాళ్ళు చేతితో చెక్కేవి, పొద్దున్నుంచీ ఉలి పని చూసిన కళ్ళకి ధర ఎక్కువనిపించదు. వెనక కనపడే దుర్గం కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెల్చుకున్నది. దాన్ని ఎక్కడానికి ఇంకో రోజు పెట్టుకోండి, ఇదే రోజు ఇరికించకండి.

చివరగా ఒక లెక్క. కొండ మీకు పడమటి పక్కన ఉంది. అంటే బయట మైదానంలో ఇంకా ఎండ కాస్తుండగానే కోనలో పొద్దు కుంకిపోతుంది, గుళ్ళన్నీ నీడలో పడతాయి. చలికాలంలో నాలుగింటికే అలా అవుతుంది. నాలుగింటికల్లా బండి తాళం చేతిలో ఉండాలి. రాళ్ళమీద గీకింది అదే తాళం కాబట్టి, అది జేబులోనే ఉందో లేక వాగు గట్టున పెట్టి మర్చిపోయారో వెలుగుండగానే చూసుకోండి.